రెండు వేళ్ల సలాం

మా కాలనీలో పక్కింటాయన పేరు ఎవరికీ తెలియదు. మా కాలనీ అంటే నాది కాదు, మా సార్‌ది. అవుటర్ రింగు రోడ్డు పక్కన, పటాన్‌చెరుకు పావుగంట దూరంలో, ఒకే అచ్చులో పోసినట్టున్న విల్లాలు. నేను అక్కడ డ్రైవర్ని. ఆ ఇళ్లలోని పెద్దమనుషులు పొద్దున నడకకు వస్తే ఎదురుపడినవాడి బూట్లు చూస్తారు, చేతి గడియారం చూస్తారు, ముఖం మాత్రం చూడరు. ఒక ఇంట్లో పెళ్లయితే పక్క గేటుకు తెలిసేది పందిరి సామాను లారీ దారికి అడ్డంగా నిలిచినప్పుడే. అట్లాంటి మనుషులే ఆదివారం పొద్దున స్పోర్ట్స్ కారు తీసి రింగు రోడ్డు ఎక్కారంటే ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. అలాంటిదే ఇంకో కారు పక్కకొస్తే చాలు, రెండు వేళ్లు కనుబొమ్మ దాకా లేస్తాయి, ఇంజను ఒకసారి గుర్రుమంటుంది, పళ్లన్నీ బయటపడతాయి. ఎదుటివాడి ముఖం తెలియదు, ఊరు తెలియదు. ఇద్దరి కిందా ఉన్నది ఒకే రకం ఇనుము. అంతవరకే చుట్టరికం.

నేను వెక్కిరిస్తున్నానని మీకు అర్థమయ్యే ఉంటుంది. కానీ ఆ సలాం నేనూ ఏడాదిపాటు కొట్టాను. బాగా కొట్టేవాణ్ని కూడా.

అంతకుముందు పదహారేళ్లు కంపెనీ బస్సు నడిపాను. సంగారెడ్డిలో మనుషుల్ని ఎక్కించుకుని, రుద్రారం, పటాన్‌చెరు మీదుగా బొల్లారంలోని మందుల ఫ్యాక్టరీ గేటు దాకా తీసుకెళ్లి, దిగినవాళ్లను మళ్లీ ఇళ్లకు చేర్చడం నా పని. మూడు షిఫ్టులూ నడిపాను. మా బస్సు డ్రైవర్లకూ ఒక సలాం ఉంది. ఎదురుగా వచ్చే బస్సు డ్రైవర్‌కు స్టీరింగు మీంచి అరచెయ్యి లేపి చూపిస్తాం. అందులో విశేషమేమీ లేదు. నేను నడుపుతున్నాను, నువ్వూ నడుపుతున్నావు, జాగ్రత్త అన్నంత. మధ్యలో డివైడరు ఉంటుంది, దాని నిండా గన్నేరు చెట్లు ఉంటాయి, అయినా ఏ కంపెనీ బస్సు ఏ వేళకు ఎక్కడ ఎదురవుతుందో తెలుసు కాబట్టి చెయ్యి దానంతటదే లేచేది.

అట్లా లేచే చేతుల్లో నాకు దగ్గరిది మా ఊరి అన్న చెయ్యి. మాది రుద్రారం పక్క పల్లె. ఆయన నాకంటే ఆరేళ్లు పెద్ద. చుట్టం కాదు, కానీ నాకు స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. ఇంకో కంపెనీకి షిఫ్టు బస్సు నడుపుతాడు, ఇప్పటికీ. నన్ను మొదటి ఉద్యోగానికి తీసుకెళ్లి మేనేజరు ముందు నిలబెట్టి, "మా తమ్ముడే సార్, బండి మంచిగ నడుపుతడు," అని చెప్పిందీ ఆయనే. అప్పటికి నేను ఆయన తమ్ముణ్నీ కాదు, బండి మంచిగా నడిపేవాణ్నీ కాదు. ఆయన మాట పోకూడదనే నేర్చుకున్నాను. తర్వాత ఎంతమంది నా డ్రైవింగు బాగుందన్నా నాకు అది చెవి దాకానే వచ్చేది. ఆయన ఒక్కడు మెచ్చుకుంటే చాలనిపించేది. ఆయనేమో మెచ్చుకునే రకం కాదు. ఎదురైనప్పుడు చెయ్యి లేపడమే ఆయన మెచ్చుకోలు.

మా కంపెనీ తన బస్సులన్నీ కాంట్రాక్టుకు ఇచ్చేశాక నేను సార్ దగ్గర చేరాను. సార్‌ది సంగారెడ్డిలో పప్పుల వ్యాపారం చేసిన ఇల్లు. తండ్రి కొట్లో గాదీ మీద కూర్చుని కందిపప్పు అమ్మాడు. ఈయన ఇద్దరు భాగస్వాములతో కలిసి చిన్న ఫ్యాక్టరీ పెట్టి పెద్దవాడయ్యాడు. మనిషి మంచివాడే. తిట్టడు, సెలవడిగితే ఇస్తాడు, పండక్కి నా పిల్లలకు బట్టలు పెడతాడు. ఒకటే బలహీనత, నలుగురూ తనను పలకరించాలి. తండ్రి బజారులో నడుస్తుంటే ప్రతి కొట్టులోంచీ ఎవరో ఒకరు "సేటూ, రాం రాం" అనేవారట. ఈయన నల్లటి అద్దాల వెనక, ఏసీలో, వెనక సీట్లో పోతాడు కాబట్టి ఈయన్ని పలకరించే దిక్కు లేదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఆకుపచ్చ రంగు స్పోర్ట్స్ కారు కొన్నాడు.

ఆకుపచ్చ అంటే మన పొలాల్లో కనపడేది కాదు. ఎండలో చూస్తే కళ్లు చికిలించాల్సిన చిలకపచ్చ. రెండే సీట్లు. అందులో కూర్చోవడం అనేది లేదు, దిగబడాలి. పదహారేళ్లు లారీలను పై నుంచి చూసినవాణ్ని, ఇందులోంచి చూస్తే లారీ చక్రాల నట్లు లెక్కపెట్టొచ్చు. నీళ్ల సీసా పెట్టుకోవడానికి చోటు లేదు. కాలనీ గేటు దగ్గరి స్పీడ్ బ్రేకర్ దాటించాలంటే వాచ్‌మన్ నేల మీదికి వంగి, కింద ఎంత సందుందో చూస్తూ "ఆనే దో, ఆనే దో, బస్" అని చెయ్యి ఊపాలి. సార్ మొదటి వారమే దాన్ని నడిపి నడుం పట్టేసి మూడు రోజులు మంచం దిగలేదు. ఇక నడపొద్దని డాక్టరు చెప్పాడు. బయట తిప్పకపోతే బ్యాటరీ చచ్చిపోతుందని షోరూమువాళ్లు చెప్పారు. అందుకని ఆదివారం పొద్దున ఏడింటికి దాన్ని రింగు రోడ్డు మీద తిప్పి తీసుకురావడం నా పనయింది. అదే వేళకు సార్ వాళ్ల కుక్కను తిప్పడానికి ఇంకో మనిషి వచ్చేవాడు. ఇద్దరం కలిసే బయల్దేరేవాళ్లం.

మొదటి ఆదివారమే నా పక్కకు ఒక నారింజ రంగు కారు వచ్చింది. వేగం తగ్గించి, కాసేపు నాతో సమంగా నడిచి, అందులోని మనిషి నా వైపు చూసి రెండు వేళ్లు ఎత్తాడు. ఇంజను రెండుసార్లు మోగించి వెళ్లిపోయాడు. బస్సు నడిపినవాడికి పక్కబండివాడు చెయ్యి చూపించాడంటే ఏదో ఒకటి కొంపమునిగినట్టే. తలుపు తెరుచుకుని ఉంటుంది, లేదా ఎవరి చున్నీయో కిటికీలోంచి చక్రం దాకా వేలాడుతుంటుంది, లేదా వెనక టైరు పోయి ఉంటుంది. కారు పక్కకు తీసి, దిగి, నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూశాను. బోర్లా పడుకుని కింద నూనె కారుతోందేమో చూశాను. ఏమీ కనపడలేదు, కనపడకపోయేసరికి భయం ఇంకా పెరిగింది. రింగు రోడ్డు దిగేసి, సర్వీసు రోడ్డులో ముప్పై మీద, ప్రతి చప్పుడుకూ చెవి పెడుతూ ఇంటికి తెచ్చాను. సార్‌కు చెబితే ఆయన పడీపడీ నవ్వాడు.

"అది సలామయ్యా. స్పోర్ట్స్ కార్లోళ్లు ఒకల్నొకలు గట్లనే పలకరించుకుంటరు," అన్నాడు. నవ్వడం అయిపోయాక ఆయన ముఖం కొంచెం మారింది. "నేను వారం దినాలు నడిపిన గదా, నాకెవ్వడు కొట్టలే," అన్నాడు.

కొట్టరు. ఆ వారమంతా ఆయన రెండు చేతులతో స్టీరింగును కరుచుకుని, నలభై మీద, ఎడమ చివర పాల వ్యానుల వెనక నడిపాడు. ఆ సంగతి నేను చెప్పలేదు.

తర్వాతి ఆదివారాల్లో ఆ సలాం శాస్త్రం నాకు మెల్లగా ఒంటబట్టింది. అది అందరూ సమానంగా ఉండే చోటు అనుకోకండి. పైకప్పు తెరుచుకునే కారుకు రెండు వేళ్లు, నిండు నవ్వు. నాలుగు తలుపులున్న దానికి ఒక వేలు, అది కూడా స్టీరింగు మీంచి పూర్తిగా లేవకుండా. ఇల్లంత పెద్ద జీపుకు, దాని ఖరీదెంతైనా, ఏమీ లేదు, అది పెళ్లాం పిల్లల బండి. బాగా ఖరీదైన కారు ఎప్పుడూ ముందు చెయ్యెత్తదు, అవతలివాడు ఎత్తితే అందుకుంటుంది. పెళ్లి ఫొటోల కోసం ఒక పూటకు కారు కిరాయికి తెచ్చుకునే జంటలు ఉంటాయి. అలాంటి జంటకు పొరపాటున సలాం కొట్టి, అది కిరాయి కారని తర్వాత తెలిసి, ఒక పెద్దమనిషి వారమంతా దిగులు పడ్డాడని సార్ చెప్పాడు. ఇచ్చిన సలాం వెనక్కి రాదు కదా.

ఆ నారింజ కారు మనిషిది మా కాలనీయేనని నాకు నెల తర్వాత తెలిసింది. మాకు నాలుగిళ్ల అవతల. అప్పుడొక ఆదివారం రోడ్డు మీద నాకు సలాం కొట్టి, నేను ఇల్లు చేరిన గంటకు ఆయన నడుచుకుంటూ మా గేటు ముందు నుంచి పోతున్నాడు. నేను చొక్కా విప్పి, బనీను మీద, బకెట్టు పెట్టుకుని ఆకుపచ్చ కారు కడుగుతున్నాను. తెలిసిన మనిషే కదా అని, "నమస్తే సార్," అన్నాను. ఆయన ఆగాడు. కారు వైపు చూశాడు. ముచ్చటపడి, నా తల మీదుగా, కారుకు తల ఊపి వెళ్లిపోయాడు. ఆయన నమస్కారంలో తప్పు పట్టడానికి లేదు. మొదటి నుంచీ దానికే కొడుతున్నాడు, మధ్యలో దూరింది నేను.

సార్‌కు మాత్రం ఇదంతా అమృతం. ఆదివారం నేను వచ్చేసరికి ఆయన వరండాలో పేపరు పట్టుకుని కాచుకుని ఉండేవాడు. "ఇయ్యాల ఎంతమంది?" అని అడిగేవాడు.

"నలుగురు సార్."

"ముందుగాల ఎవరు కొట్టిన్రు? మనమా, వాళ్లా?"

"ముగ్గురు వాళ్లే సార్. ఒకటి మనమే కొట్టినం."

ఆ ఒకటి ఆయనకు ముల్లులా గుచ్చుకునేది. "ఎందుకు తొందరపడుతవయ్యా? వాడే కొడుతడు, జెర ఆగు," అనేవాడు. ఫ్యాక్టరీలో సరుకు వెనక్కి వచ్చినప్పుడు కూడా ఆయన అంత నొచ్చుకోవడం నేను చూడలేదు.

ఒక ఆదివారం తానే వచ్చి పక్క సీట్లో దిగబడ్డాడు. సలాములు తనకు అందాలని కోరిక. కానీ దాటిపోయే కార్లన్నీ కుడిపక్క నుంచి వస్తాయి, వాళ్లకు కనపడేది స్టీరింగు దగ్గరున్న నేను. సార్ నా మీదుగా ఒరిగి, తన చెయ్యి నా ముఖం ముందు నుంచి అద్దం దాకా చాచి ఊపాడు. ఆయన మోచెయ్యి నా ముక్కుకు తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క కారువాడు మేమేదో కొట్టుకుంటున్నామనుకుని వేగం పెంచి పోయాడు.

ఆ తర్వాత కాలనీవాళ్ల వాట్సాప్ గుంపులో కబురొచ్చింది, స్పోర్ట్స్ కార్లవాళ్లంతా ఆదివారం పొద్దున రింగు రోడ్డు దిగే చోట ఒక టిఫిన్ హోటల్ దగ్గర కలుస్తున్నారని. సార్ వారం ముందే కొత్త టీ షర్టు కొన్నాడు. హోటల్‌కు అర కిలోమీటరు ఇవతల, మూతపడిన ఒక పెట్రోలు బంకు వెనక మేం సీట్లు మారాలని పథకం. అక్కడి నుంచి ఆయనే నడుపుకుంటూ పోతాడు, నేను నడిచి వెళ్లాలి. బంకు వెనక్కి తిప్పానో లేదో, అక్కడ అప్పటికే రెండు కార్లు ఆగి ఉన్నాయి. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. రెండింటిలోనూ యజమానులు నడుం పట్టుకుంటూ ఇటు దిగి అటు ఎక్కుతున్నారు, తెల్లచొక్కా డ్రైవర్లు భుజం పట్టి లోపలికి దించుతున్నారు. మా సార్ వాళ్లను చూశాడు, వాళ్లు మా సార్‌ను చూశారు. అందరూ ఒకేసారి ఫోన్లు తీసి చూసుకున్నారు. ఆ ఒక్కచోట మాత్రం ఎవరూ ఎవరికీ సలాం కొట్టలేదు.

నేను హోటల్ చేరేసరికి సార్ చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. నారింజ కారాయన సార్ భుజం మీద చెయ్యి వేసి, "మీ డ్రైవింగ్ చూస్తుంటాను సార్, ఆ కొల్లూరు మలుపులో మీరు లేన్ వదలకుండా తీస్తారే, భలే కంట్రోలు," అంటున్నాడు. సార్ నేల చూపులు చూస్తూ సిగ్గుపడ్డాడు. "ఏదో, అలవాటు," అన్నాడు. నేను చెట్టు కింద మిగతా తెల్లచొక్కాలతో నిలబడి ఇడ్లీ తిన్నాను. నా మెప్పు ఇంకొకరి ప్లేటులో పడుతుంటే చూస్తూ తినడం కష్టమే, కానీ ఇడ్లీ బాగుంది.

ఇంతవరకూ వాళ్లను చూసి నవ్వాను. ఇక నా సంగతి.

ఆ సలాములు నాకు ఎక్కాయి. మొదట సార్ తరఫున అందుకుంటున్నానని అనుకునేవాణ్ని. నాలుగు నెలలకు అవి నావే అయిపోయాయి. పటాన్‌చెరు బజారులో నల్ల కళ్లద్దాలు కొన్నాను. ఆదివారానికని ఒక మంచి చొక్కా వేరే పెట్టుకున్నాను. సలాం అందుకోకుండా పోయినవాణ్ని తర్వాతి టోల్ గేటు దాకా లోపల్లోపల తిట్టుకునేవాణ్ని. ఒకరోజు ఇంట్లో అద్దం ముందు నిలబడి రెండు వేళ్లు కనుబొమ్మకు ఎక్కడ తాకితే అందంగా ఉంటుందో చూసుకుంటుంటే నా భార్య వెనక నుంచి, "ఏంది, తలకాయ నొస్తుందా?" అని అడిగింది. సంగతి చెప్పాను. "కారు ఆయనది, సోకు నీది," అని పొయ్యి దగ్గరికి పోయింది. నాకు కోపం వచ్చింది. ఆవిడకు ఆ గౌరవం సంగతి ఏం తెలుసు అనుకున్నాను.

ఒకే ఒక్క కొరత ఉండేది. అన్న చూడలేదు. ఆయన బస్సు సంగారెడ్డి పోయే ముంబై రోడ్డు మీద, నా కారు రింగు రోడ్డు మీద. నేను సార్ రోజూ తిరిగే తెల్ల కారు నడుపుతానని మాత్రమే ఆయనకు తెలుసు. ఆకుపచ్చ దాని సంగతి కావాలనే చెప్పలేదు. చెబితే గొప్పలు పోయినట్టుంటుంది. ఆయన తన బస్సులోంచి తన కళ్లతో చూడాలి, వీడికి స్టీరింగు పట్టడం నేను నేర్పాను అనుకోవాలి, చెయ్యి లేపాలి. నలభై ఏడేళ్ల మనిషిని, నాకు అప్పుడు కావలసింది అంతే.

ఆ అవకాశం ఒక ఎండాకాలం వచ్చింది. సంగారెడ్డిలో సార్ చెల్లెలి ఇంట్లో కూతురి నిశ్చితార్థం. ఆ ఇంటి ముందు ఆకుపచ్చ కారు నిలబడితే మగపెళ్లివారు చూస్తారని సార్ ఆలోచన. తాను ఇంటివాళ్లతో తెల్ల కారులో తర్వాత వస్తాడు, అది ఆయన బావమరిది నడుపుతాడు. నన్ను నాలుగింటికల్లా చేరమన్నాడు. ముందుగా పంపడానికి లడ్డూల డబ్బా ఒకటి ఇచ్చాడు. దాన్ని పక్క సీట్లో పెట్టి, జారిపోకుండా బెల్టు కట్టాను.

నాలుగింటికి చేరడానికి మూడింటికి బయల్దేరినా చాలు. నేను రెండింటికే బయల్దేరాను. పొద్దున షిఫ్టు రెండింటికి వదులుతారు. అన్న బస్సు మనుషుల్ని దించుకుంటూ రుద్రారం దాటేసరికి మూడు కావస్తుంది. నేను వెనక నుంచి వెళ్లి, ఆయన పక్కకు చేరి, కాసేపు సమంగా నడవాలని నా లెక్క. పటాన్‌చెరులో పావుగంట నీడన ఆగి వేళ సరిచూసుకున్నాను. కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాను.

రుద్రారం దాటాక దూరం నుంచే బస్సును గుర్తుపట్టాను. ఎడమ పక్కకు ఆగి ఉంది. అన్న కిందికి దిగి, రోడ్డు మీదికి ఒక అడుగు వేసి నిలబడి, రెండు చేతులూ తల మీదికెత్తి ఊపుతున్నాడు. ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. ఆయనే. ఎంత దూరం నుంచి చూసినా పోల్చుకోగల మనిషి. నాకు ఒళ్లంతా పులకరించింది. నన్ను చూశాడు, చూసి బస్సు ఆపుకుని మరీ దిగాడు అనుకున్నాను. ఆయన వెనక, బస్సు నీడలో, ఫ్యాక్టరీ కోట్లు వేసుకున్న ఆడవాళ్లు గుంపుగా వంగి ఉన్నారు. ఒకామె చున్నీతో ఎవరికో విసురుతోంది. అదీ చూశాను. ఎండ కదా అనుకున్నాను.

అద్దం దించలేదు, ఏసీ పోతుందని. వేగం తగ్గించాను, ఆయనకు బాగా కనపడాలని. రెండు వేళ్లు కనుబొమ్మకు తాకించాను, నవ్వాను, ఇంజను ఒకసారి గట్టిగా మోగించి వెళ్లిపోయాను. అద్దంలో చూస్తే ఆయన చేతులు ఇంకా పైనే ఉన్నాయి. తర్వాత నెత్తి మీద పెట్టుకున్నాడు. ఆశ్చర్యపోయాడనుకున్నాను. సంగారెడ్డి దాకా నవ్వుకుంటూనే నడిపాను. నిశ్చితార్థం ఇంటి ముందు కారుకు బంతిపూల దండ వేశారు, మగపెళ్లివారు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. లడ్డూలు ఒక్కటి కూడా చితకలేదు.

మూడు రోజులకు పటాన్‌చెరులో కంపెనీ బస్సులు ఆగే చోట చాయ్ బండి దగ్గరికి పోయాను. అన్న ఏమంటాడో వినాలని పోయాను, ఇంకో పని లేదు. ఆయన నలుగురు డ్రైవర్ల మధ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. చెబుతున్న మాట ఆపలేదు.

"క్లచ్ ప్లేటు కాలిపోయింది, బండి కదలదు. ఎండ దంచుతుంది. ప్యాకింగ్‌ల పని చేసే ఆడామె, పొద్దుగాల్నుంచి ఏం తినలేదట, కండ్లు తిరిగి పడ్డది. పిలిస్తే పలుకది. పండ్లు గిట్టకరుచుకున్నది. ఆటోలన్నీ నిండుగొస్తున్నయ్, ఒక్కడు ఆపుతలేడు. గప్పుడొచ్చింది ఒక పచ్చ కారు. లోపల ఒక్కడే ఉన్నడు. నేను రోడ్డు మీదికి పోయి రెండు చేతులెత్తిన. వాడేం చేసిండో ఎర్కనా?" అన్నాడు. తన రెండు వేళ్లు కనుబొమ్మకు ఆనించి చూపించాడు. "గిట్ల సలాం కొట్టిండు. నవ్విండు గూడ. బుర్రుమని పోయిండు."

అన్నతో కలిసి చుట్టూ ఉన్నవాళ్లంతా తిట్టడం మొదలుపెట్టారు. పైసలు నెత్తికెక్కినయన్నారు, వాని కారు మురికి మోరీల పడాలన్నారు. అందరూ తిడుతుంటే ఊరకుంటే బాగుండదని నేనూ నోరు తెరిచాను. "అసుంటోళ్లకు కండ్లుండవన్నా," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

"ఆమెకెట్లుంది?" అని ఇంకొకాయన అడిగాడు.

"కూరగాయల ట్రాలీ ఆటో ఒకటొస్తే, గంపలు దించి ఆమెను పండవెట్టి దవాఖానకు తీస్కపోయినం. అర్ధగంట పోయింది. ఇంక జెర ఆలస్యమైతే చెప్పరాకపోతుండె అన్నడట డాక్టరు. నిన్న లేసి కూసున్నది," అన్నాడు అన్న. తర్వాత నా మోకాలి మీద తట్టాడు. "మనోడైతే ఆగుతుండె. ఈ తమ్మి ఉంటే ఆగుడు గాదు, ఆమెను ఎత్తుకొని ఉరుకుతుండె."

మిగతావాళ్లు ఒక్కొక్కరే బస్సులెక్కి పోయారు. అన్న గ్లాసు కడిగిచ్చి తువ్వాలుతో మూతి తుడుచుకుంటున్నాడు. చెప్పకుండా ఉండిపోవచ్చు. ఆయనకు ఎప్పటికీ తెలియదు. కానీ ఆ మోకాలి మీద పడిన చెయ్యి నన్ను కూర్చోనివ్వలేదు.

"అన్నా, ఆ పచ్చ కారు మా సార్‌ది. నడిపింది నేనే," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. నేను పరిహాసమాడుతున్నానేమోనని వెతికాడు, ముఖంలో అది దొరకలేదు. పక్కనుంచి ఒక బస్సు హారను కొడుతూ పోయింది, ఆయన అటు తిరగలేదు.

"నన్ను గుర్తువట్టినవా?" అని అడిగాడు.

కోపంగా అడగలేదు. భయపడుతూ అడిగాడు. నేనేం చెబుతానో అని ఆ పెద్దమనిషి భయపడటం నాకు స్పష్టంగా కనపడింది.

"లేదన్నా. ఎండకు అద్దం మెరిసింది, ఎవరో ఏమో అనుకున్న," అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. "గదీ. గుర్తువడితే ఎట్ల పోతవ్? నేను నేర్పిన చెయ్యి అది," అన్నాడు. నా భుజం పట్టుకుని ఊపాడు. రెండడుగులు బస్సు వైపు వేసి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఎర్కలేక నలుగురి ముందట తిట్టిన తమ్మీ. మనసుల పెట్టుకోకు."

"పర్లేదన్నా," అన్నాను.